కల్ వాలా

పదకొండు, చుక్క, ఆ తర్వాత రెండంకెలు. ఆ రెండంకెలే కావాలి నాకు. పదకొండో అక్షాంశంతో నాకేం పని, జెట్టీ పదకొండులోనే ఉంది, నేను కూర్చున్న ఈ డైరీ ఫార్మ్ పేటలోని మేడగది పదకొండులోనే ఉంది, డాలీగంజ్‌లో మా తెలుగు చర్చి కూడా అందులోనే ఉంది. చేపలకు వెళ్ళిన అప్పలరాముడి డింగీ, ఆ చిన్న పడవ, కూడా ఆ పదకొండులోనే ఎక్కడో ఉంది, లేదా ఉండేది. చుక్క తర్వాత ఏముందో నిన్న శనివారం సాయంత్రం ఐదున్నరకు ఈ రెండు కళ్ళతోనే చూశాను. చూసి, నా కుర్చీ వెనక తడి కొంగుతో నిలబడ్డ అతని తల్లి యర్రమ్మతో "ఉన్నాడు పిన్నీ, వస్తన్నాడు, ఏం భయం లేదు" అన్నాను. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆదివారం సాయంత్రం నాలుగయింది, డింగీ రాలేదు, ఆమె మళ్ళీ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది, నాకు ఆ రెండంకెలు గుర్తు రావడం లేదు. ఐదింటికల్లా చీకటి పడిపోతుంది ఈ దీవుల్లో. మెయిన్‌ల్యాండ్ గడియారం చేతికి కట్టుకుని బతుకుతున్నాం గాని సూర్యుడు మన గడియారం చూసి దిగడు కదా. వెతకడానికి వెళ్ళిన నాలుగు డింగీలకూ ఇంకొక్క గంట వెలుగుంది. ఈ గంటలో నేను ఏ పనీ చెయ్యక్కర్లేదు, ఒక్కటి గుర్తు తెచ్చుకుంటే చాలు, అదే నా చేత కావడం లేదు.

నా ముందు నల్ల తెర మీద టాప్ అనే ప్రోగ్రామ్ నడుస్తోంది. మూడు సెకన్లకోసారి జాబితా తనంతట తానే సర్దుకుంటుంది. మిషన్ లోపల, అంటే మా కంప్యూటర్ లోపల, ఏ పని ఎంత మెమరీ తింటోంది, ఏది పరుగెడుతోంది, ఏది పడుకుంది, అన్నీ వరసగా చెప్పేస్తుంది. పదహారేళ్ళుగా కంప్యూటర్ పనిలో ఇదే చూస్తున్నాను, డింగీల సంఘంలో చేరాక ఐదేళ్ళ నుంచీ అదే జాబితా. ఎస్ అని ఉంటే నిద్ర. ఒకసారి యర్రమ్మ పిన్ని అడిగింది, ఆ ఎస్ ఏటమ్మా, అన్నిటికీ అదే ఉంది అని. పడుకున్నాయి పిన్నీ అన్నాను. "పట్టపగలు పడుకుంటాయేటి, జీతం ఇస్తన్నారా ఈటికి?" అని ఒకటే నవ్వు. అప్పుడు ఆమెకు చెప్పాను, ఆ నిద్ర మన నిద్ర కాదు, ఎవరైనా పిలిస్తే లేవడానికి చెవి ఒగ్గి పడుకోవడం అని. డింగీల్లో ఉన్న పెట్టెలు అరగంటకోసారి పిలుస్తాయి, పలానా చోట ఉన్నాం అంటాయి. ఆ పిలుపు వినే ప్రోగ్రామ్ చటుక్కున లేచి, విని, గుర్తు పెట్టుకుని, మళ్ళీ పడుకుంటుంది. ఇప్పుడు కూడా లేస్తోంది, పడుకుంటోంది. జెట్టీలో కట్టేసిన డింగీలు కట్టేసిన చోటి నుంచే బుద్ధిగా పిలుస్తున్నాయి. అప్పలరాముడి పెట్టె ఒక్కటే పిలవడం లేదు.

డెబ్భై నాలుగు. పదకొండు పాయింట్ డెబ్భై నాలుగు. ఇది నాకు తెలుసు, కాని ఇది నిన్న మధ్యాహ్నానిది. పన్నెండింటికి డిస్క్ మీద రాసిన ఆఖరి లెక్క ఇదే. ఈ అంకె పట్టుకునే నాలుగు డింగీలూ ఉత్తరానికి వెళ్ళాయి. ఇవాళ మధ్యాహ్నం నుంచి దీన్ని ఇరవైసార్లు చదివి వినిపించాను, అందుకే ఎటు తిరిగినా ఇదే వచ్చి నిలబడుతోంది. ఉన్న అంకె ముందుకొచ్చి లేని అంకెను తలలోంచి తోసేస్తోంది. దీన్ని పక్కకు జరిపితే వెనక ఏదో ఉంది, అది ఇంతకంటే చిన్నది. ముప్ఫై కాదు. యాభైల్లోదా? మా నాన్న ప్రేమయ్య ఎక్కి వచ్చిన ఓడలో ఆయన పడుకున్న బంకు యాభై మూడు, అది నా నెత్తిన ఎందుకొస్తోందిప్పుడు? మూడు పగళ్ళు మూడు రాత్రుళ్ళు వాంతులు చేసుకుంటూ వచ్చానని చెప్పేవాడు, ఆ బంకు నంబరు మాత్రం చచ్చేదాకా మరచిపోలేదు. ఆయనకు గుర్తున్నవన్నీ పనికిరానివే. నాకూ అంతే, పనికిరానివన్నీ దాచిపెట్టుకుని పనికొచ్చేది పారేసుకున్నాను.

మిషన్‌ను అడుగుదామా అంటే మిషన్ దగ్గర లేదు. లేకుండా చేసిందీ నేనే. వచ్చిన ప్రతి కబురూ అప్పటికప్పుడు డిస్క్ మీద రాయకుండా మెమరీలోనే పెట్టుకోమని, ఆరింటికీ పన్నెండింటికీ, పగలూ రాత్రీ, రోజుకు నాలుగుసార్లు మాత్రమే రాయమని ప్రోగ్రామ్ మార్చింది నేనే. డిస్క్ ముసలిది, ఊరికే రాయిస్తే అరిగిపోతుందని. సంఘం మీటింగులో ఈ సంగతి చెప్పుకుని మెప్పు కూడా పొందాను. ఇంతకీ ఆ డిస్క్ బాగానే ఉంది, ఏమీ అరగలేదు, దానికి నూరేళ్ళు.

ఐదూ నలభై ఐదుకు ఫోన్ వచ్చింది. అప్పటికి యర్రమ్మ వెళ్ళి పావుగంటయింది, బయట పూర్తిగా చీకటి, రేకుల మీద వాన. ఆరింటికి చర్చిలో పాటల ప్రాక్టీసు ఉంది, నేను లేకపోతే ఆడవాళ్ళు శ్రుతి ఎత్తుకోరు, గొడుగు చేతిలో పట్టుకునే ఫోన్ తీశాను. సంఘం సెక్రటరీ గణేశ్వరరావు, తుష్నాబాద్ బస్సులోంచి. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. "ఎలీసబెతు దీదీ, మిషన్ ఏకదమ్ స్లో అయిపోనాది. వో కల్ వాలా బంద్ కర్ దో. మెమరీ అంతా అదే తినేస్తంది." కల్ వాలా. అంటే కల్‌ది, దాన్ని ఆపెయ్యమని. సరే భయ్యా అన్నాను. ఏ కల్ అని అడగలేదు. అడగడానికి అర నిమిషం పట్టేది.

మా దీవిలో అందరం ఇలాగే మాట్లాడతాం, తెలుగులో ఎక్కి హిందీలో దిగుతాం. కల్ అంటే నిన్న, కల్ అంటే రేపు, తర్వాత వచ్చే మాటను బట్టి ఏదో తేలుతుంది. వచ్చాడు అంటే నిన్న, వస్తాడు అంటే రేపు. కల్ వాలా బంద్ కర్ దో అంటే ఏదీ తేలదు. నాన్నకు దీని మీద భలే కోపం ఉండేది. నేను రెండో తరగతిలో ఉండగా కల్ స్కూల్‌కి సెలవు అని చెప్పాను, ఆయన రేపనుకుని నన్ను ఇంట్లో ఉంచేశాడు, నేను చెప్పింది అయిపోయిన సెలవు సంగతి. మర్నాడు టీచరు చేతి మీద కొట్టింది. ఆ సాయంత్రం నాన్న పలక తీసుకుని నిన్న అని ఒకవైపు, రేపు అని రెండోవైపు రాసి చేతిలో పెట్టాడు. "మనకి రెండు మాటలున్నాయమ్మా. రెండూ ఉన్నాక ఒక్కదానితో గడుపుకోవడం దేనికి? బద్ధకం కాపోతే." అలా నేర్చుకున్న అక్షరాలతోనే పాటల పుస్తకం చదువుతున్నాను, మా ఈడు వాళ్ళలో తెలుగు చూసి చదివేది చర్చి మొత్తంలో నలుగురైదుగురం. ఇంత నేర్పించి, చివరికి నాన్నా, నీ కూతురు ఒక్కదానితోనే గడుపుకుంది.

గణేశ్వరరావు చెప్పింది రేపటిది. ఆదివారం మీటింగు కోసం రిపోర్టు తయారు చేసే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తోంది, మీటింగు తుఫాను వల్ల వాయిదా పడింది, కాబట్టి దాన్ని ఆపెయ్యమన్నాడు. నాకు మీటింగు వాయిదా సంగతే తెలియదు. నేను పీఎస్ అని కమాండ్ కొట్టాను. నడుస్తున్నవన్నీ వరసగా పడ్డాయి. అన్నీ ఒకే కంప్యూటర్ భాషలో రాసినవి కావడంతో అన్నిటి పేరూ ఒకటే, వంటింట్లో చీటీ అంటించని డబ్బాల్లాగా. వాటికి వేరే పేర్లు పెడదామని ఐదేళ్ళుగా అనుకుంటున్నాను. ఏది ఎప్పుడు మొదలైందో పక్కన ఉంటుంది, ఇవాళ మొదలైనవాటికి గంట, అంతకుముందువాటికి తేదీ. ఒక్కదానికే తేదీ ఉంది, శుక్రవారానిది. శుక్రవారం కరెంటు పోయి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టినది. ఇదే నిన్నటిది, ఇదే కల్ వాలా అనుకున్నాను. అదే డింగీల పిలుపు వినేది.

అయినా ఫర్వాలేకపోయేది. మామూలుగా కిల్ అని నంబరు కొడితే ప్రోగ్రామ్‌కు ముందు కబురు వెళుతుంది, బాబూ నీ పని అయిపోయింది, సర్దుకో అని. అది మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద రాసిపెట్టి, అప్పుడు పోతుంది. అలా రాసుకునే ఏర్పాటు కూడా నేనే చేశాను. నిమిషమో నిమిషమున్నరో పడుతుంది. నాకు ఆ నిమిషం లేదు, ఆరింటికి పాటలున్నాయి. మైనస్ నైన్ పెట్టాను. మైనస్ నైన్ అంటే చెప్పడాలూ అడగడాలూ లేవు, ఉన్నపళంగా పోతుంది, చేతిలో ఉన్నది చేతిలోనే పోతుంది. పన్నెండు నుంచి అప్పటిదాకా అప్పలరాముడి పెట్టె పిలిచిన పదకొండు పిలుపులూ, నేను యర్రమ్మకు చూపించిన ఐదున్నర పిలుపుతో సహా, ఎంటర్ మీద నా వేలు పడ్డంతలో లేకుండా పోయాయి. ఇంకో పది నిమిషాలు ఓపిక పడితే ఆరింటికి వాటంతట అవే డిస్క్ మీద పడేవి. తర్వాత ఎంత ఖాళీ ఉందో చెప్పే ఫ్రీ కమాండ్ కొట్టి చూశాను, మెమరీ చాలా ఖాళీ అయింది. హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఆ మాట పైకే అన్నాను.

రాత్రంతా అతని పెట్టె పిలిచే ఉంటుంది. బ్యాటరీ ఉన్నంతసేపు, లేదా డింగీ ఉన్నంతసేపు. ఇక్కడ వినేవాళ్ళు లేరు. డింగీలో అతనూ, బావమరిది కన్నారావూ ఇద్దరే. ఇంజన్ ఆగిపోయినా ధైర్యంగా ఉండి ఉంటారు, ఎలీసబెతక్క మిషన్‌లో మనం అగుపిస్తన్నాం, ఎవరో ఒకరు వస్తారు అనుకుని ఉంటారు. పెట్టె బిగించిన రోజు అప్పలరాముడు నాతో అన్నాడు, "దీదీ, ఇంక మాకు నీ కన్నే దిక్కు" అని. వేళాకోళానికే అన్నాడు.

ఈ మధ్యాహ్నం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర యర్రమ్మ నిలబడి ఉంది. చర్చిలోకి ఎప్పుడూ రాదు ఆమె, చెప్పులు విడిచి మెట్టు కింద నిలబడింది. నేను పరుగెత్తుకొచ్చి చూస్తే వినే ప్రోగ్రామ్ జాబితాలోనే లేదు. అప్పుడు అర్థమైంది. మళ్ళీ మొదలుపెట్టాను. ఏమయింది అని గణేశ్వరరావు ఫోన్‌లో అడిగితే "దానంతట అదే ఆగిపోయింది భయ్యా" అన్నాను. నోరు తడబడలేదు కూడా. ఆఖరి పాయింటు ఏది అంటే డిస్క్ మీదున్న డెబ్భై నాలుగు ఇచ్చాను. ఐదున్నరకు నేను చూశానని చెప్పలేదు. చూశాను అంటే ఏదీ చూపించు అంటారు, లేదు అంటే ఎందుకు లేదు అంటారు. అంతవరకు ఒక్కో మెట్టూ లెక్క కట్టుకుని మరీ నోరు మూసుకున్నాను. భయం వేసింది, అంతే, ఇంకో కారణం లేదు.

టాప్ పైవరసలో జోంబీ ఒకటి అని ఉంది. జాబితా కిందికి దించితే అక్కడ జెడ్. రిపోర్టు ప్రోగ్రామ్ పుట్టించిన పిల్లముక్క ఒకటి, పని అయిపోయి చచ్చిపోయింది. చచ్చినా పేరు జాబితాలోంచి పోదు. దాన్ని పుట్టించిన ప్రోగ్రామ్ వచ్చి, నా బిడ్డ ఏమైంది అని అడగాలి, జవాబు తీసుకోవాలి, అప్పుడే పేరు కొట్టేస్తారు. అందాకా అది ఏమీ తినదు, ఏమీ చెయ్యదు, వరసలో నిలబడి ఉంటుంది. దాన్ని మైనస్ నైన్‌తో కూడా ఏమీ చెయ్యలేం. ఇదంతా కుర్రాళ్ళకు పాఠం చెప్పినట్టు ఎన్నోసార్లు చెప్పాను, నవ్విస్తూ చెప్పాను. ఇప్పుడు ఆ వరస చూడలేక తలుపు వైపు చూస్తే తలుపు అవతల ఆమె కాళ్ళు కనిపిస్తున్నాయి, మడమల మీద ఎండిపోయిన ఉప్పు.

నాలుగూ నలభై. కళ్ళు మూసుకుంటాను. నిన్నటిలాగే కూర్చుంటాను, కుడిచెయ్యి మౌస్ మీద, ఎడమచేతిలో గొడుగు లేదు ఇంకా, గొడుగు తర్వాత. వెనక తడిబట్టల వాసన, చేపల వాసన. ఆమె ఊపిరి నా మెడ మీద తగులుతోంది. తెర మీద నీలం, నీలంలో చుక్క, చుక్క మీద మౌస్ పెడితే చిన్న పెట్టెలో అంకెలు. పదకొండు. చుక్క. డెబ్భై నాలుగు. కాదు, అది కాదు, పో అవతలికి. పదకొండు. చుక్క. ప్రభువా, నువ్వు తలవెంట్రుకలు కూడా లెక్క పెట్టుకుంటావంటారు, ఈ రెండంకెలు నీ దగ్గర ఉండే ఉంటాయి. ఇవ్వు. నాకు కాదు, బయట కూర్చున్నామెకు. ఏమీ రాలేదు. తెర మీద ప్రోగ్రామ్ ఒకసారి లేచింది, ఎవరిదో కట్టేసిన డింగీ, పడుకుంది.

యర్రమ్మ లోపలికి వచ్చింది. ఎప్పుడు లేచిందో చూడలేదు. స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది, నాకు.

"తాగమ్మా. పొద్దుటేల నుంచి ఏటీ తిన్నేదు నువ్వు."

"అక్కర్లేదు పిన్నీ."

"అగుపిస్తన్నాడా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె తెర వైపు చూస్తూ నిలబడింది. నాతోనో తనలో తనో అంది. "నిన్న నువ్వు నవ్వినావమ్మా. ఆ తెర మీది బొట్టు మీద సెయ్యి ఎట్టి, నంబరు సూసి నవ్వినావు. ఆ నవ్వు సూసే నాను ధైర్యంగా ఎల్లిపోనాను. నేకపోతే రాతిరే జెట్టీకాడ గోల ఎట్టీదాన్ని. ఎలీసమ్మ నవ్వింది గదా, గుంటడు బాగానే ఉన్నాడనీసి కూడు తిని పడుకున్నాను."

నవ్వానా? నవ్వాను. అవును, నవ్వాను. అంకె చూసి నవ్వాను. ఎందుకు నవ్వాను? అరె, ఇది మన పాట నంబరే కదా అనుకున్నాను. ఆ సాయంత్రం ప్రాక్టీసు చేయాల్సిన పాట. ఇవాళ పొద్దున చర్చి గోడ మీద పాటల నంబర్ల చెక్కలో బిళ్ళలు నేనే పెట్టాను, ముందు నాలుగు, పక్కన ఏడు, ఏడు బిళ్ళకు రంగు లేచిపోయింది, వేలికి గరుకుగా తగిలింది. నలభై ఏడు. పదకొండు పాయింట్ నలభై ఏడు. డెబ్భై నాలుగు తిరగేసి నేను కల్పించుకున్నది కాదు, నా వేళ్ళకు తెలుసు, నా నవ్వుకు తెలుసు. దక్షిణం. ఐదున్నర గంటల్లో పదహారు మైళ్ళు దక్షిణానికి. ఇంటి దారి దాటిపోయి ఇంకా కిందికి. వాడు తిరిగి రావడం లేదు నిన్న, కొట్టుకుపోతున్నాడు. అది నా కళ్ళ ముందే ఉంది, నేను పాట నంబరు చూసుకుని నవ్వాను. ఆ నవ్వు ఆమె ఇంటికి పట్టుకెళ్ళింది.

ఫోన్ కలిసేసరికి నాలుగూ యాభై రెండు. గణేశ్వరరావు జెట్టీలో వైర్‌లెస్ దగ్గర ఉన్నాడు. "భయ్యా, ఉత్తరం కాదు, దక్షిణం. పదకొండు పాయింట్ నలభై ఏడు. దక్షిణం కొసన చిడియా టాపు కిందికి పంపించు భయ్యా, జల్దీ."

"ఎవరు సెప్పేరు దీదీ?"

"నేను చూశాను. నిన్న ఐదున్నరకి."

"నిన్న సూసీసి ఇప్పుడా సెప్తన్నావు?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. "నలుగురూ ఉత్తరం కొసకి ఉన్నారు. అక్కణ్ణించి అటు తిప్పితే మూడు గంటలు. అంధేరా హో గయా, సీకటడిపోనాది. డీజిల్ కూడా నేదు. ఇవాళ ఇంక అవదు దీదీ." ఫోన్ పెట్టేస్తూ అన్నాడు, "కల్ దేఖేంగే."

ఫోన్ బల్ల మీద పెట్టాను. కిటికీలో ఆకాశం బూడిదరంగులోకి దిగిపోయింది. ఆ నలభై ఏడు కూడా ఒక రోజు పాతది ఇప్పుడు, నీళ్ళు అక్కడే ఆగి ఉండవు. తొందరపడి ఇప్పుడు పట్టుకొచ్చానని సంబరపడడానికి ఏమీ లేదు. యర్రమ్మ అక్కడే ఉంది. ఫోన్‌లో నేనన్న మాటలు విన్నది, అవతలివి వినలేదు.

"ఏటన్నాడు?"

"కల్ అన్నాడు పిన్నీ. రేపు."

"రేపా," అంది. ఆ మాటను నోట్లో పెట్టుకుని కాసేపు చూసింది. "మిషన్ పాడయిపోనాదన్నావు గదా. నాను ఎల్లినప్పుడు బాగానే ఉంది. మరెప్పుడు పాడయినాది?"

దానంతట అదే అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, ఒకసారి పనిచేసిన మాట. కల్ రాత్ అనొచ్చు, ఎప్పుడో అన్నట్టు. ఆమె ఒప్పుకునేది. ఆమె నేనేం చెప్పినా ఒప్పుకుంటుంది, నిన్న నవ్వునే ఒప్పుకుంది.

"పాడవలేదు పిన్నీ. నిన్న," అన్నాను. తెలుగులోనే అన్నాను. "నిన్న నువ్వు మెట్లు దిగి ఎల్లాక నేనే ఆపేశాను. పొరపాటున. రాత్రంతా వాడు పిలుస్తుంటే వినేవాళ్ళు లేరు ఇక్కడ."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, ఏడవలేదు. బల్ల మీదకు వంగి, తెరకు ముఖం దగ్గరగా పెట్టి, జాబితాలో వెతికి, తనకు తెలిసిన ఒక్క అక్షరం మీద వేలు పెట్టింది. ఎస్.

"ఇది పడుకుందన్నావు గదమ్మా," అంది. "లేపు."

దాన్ని లేపేది మనం కాదు పిన్నీ, వాడు పిలవాలి. ఈ మాట చెప్పాలి. ఆమె వేలు తెర మీదే ఉంది. కిటికీలో ఏమీ కనిపించడం లేదు, ఐదయింది.